ఇచ్చిపుచ్చుకునే పట్టాలు

ఆయన్ని అందరూ రెండుసార్ల మాస్టారంటారు. స్టేషను మాస్టరు కాబట్టి మాస్టారు. ఏ పనైనా రెండుసార్లు చూసుకుంటే తప్ప మనసు కుదుటపడదు కాబట్టి రెండుసార్లు. ఇంటికి తాళం వేసి నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి లాగి చూస్తాడు. గ్యాసు కట్టేశావా అని భార్యని అడిగి, ఆవిడ కట్టేశానన్నాక, చెప్పులు వేసుకుంటూ మళ్ళీ అడుగుతాడు. "పెళ్ళొక్కటీ ఒక్కసారితో ఎలా సరిపెట్టుకున్నారో!" అని ఆవిడ విసుక్కుంటుంది. ఈ కథ ఆయన ఒక్కసారి కూడా చూసుకోని పని గురించి.

ఆయన పనిచేసే రైల్వే పొడుగు ముప్ఫయ్యొక్క కిలోమీటర్లు. అంతే. ఒక సున్నపురాయి గని, రెండు ధాన్యం గోదాములు, ఒక కాగితం మిల్లు. వాటి సరుకు మోసుకొచ్చి పెద్ద లైనుకి అప్పజెప్పడమే దాని బతుకు. పెద్ద లైను వాళ్ళు దాన్ని 'తోక' అంటారు, మొహం మీదే అంటారు. ఒకప్పుడు తోక రెండు చివర్లా రెండు రైల్వేలతో కలిసేది. రెండేళ్ళ కిందట అవతలి చివర రైల్వే వాళ్ళు ఒకరోజు పొద్దున్నే ఒక క్రేనుతో, పదిమంది మనుషులతో దిగి, భోజనాల వేళకల్లా కలిపే పట్టాలు పీకి లారీలో వేసుకుని పోయారు. ఎందుకయ్యా అంటే, మీ ఆలస్యాలు మేం పడలేం అన్నారు. ఇక మిగిలింది ఈ చివర ఒక్కటే. ఇదీ తెగిందంటే ముప్ఫయ్యొక్క కిలోమీటర్ల ఇనుము ఎటూ పోని దారి అయిపోతుంది, దాన్ని నమ్ముకున్న ముప్ఫై ఎనిమిది కుటుంబాలు రోడ్డున పడతాయి.

అందుకే పెద్ద లైను నుంచి ఇన్‌స్పెక్టరు వస్తోందని కబురు రాగానే మాస్టారికి నాలుగు రోజులు అన్నం సయించలేదు. కలిపే పట్టాలు ఉంచాలా, తీసేయాలా అన్నది ఆవిడ రాసే నివేదిక మీద ఉంటుందని ఉత్తరంలోనే ఉంది. వచ్చి, ఒక్క పూట కూర్చుని, ఒక్క బండి అప్పగింత చూసి పోతుందట. ఒక్క పూటలో ఇరవై రెండేళ్ళ పని ఎలా చూపించాలో ఆయనకి తోచలేదు. స్టేషనుకి సున్నం వేయించాడు. తలుపు బందులకి నూనె రాయించాడు. ఎందుకైనా మంచిదని మళ్ళీ రాయించాడు.

స్టేషను వెనక మూడు జతల పట్టాలున్నాయి. ఒకటి తోకది, ఒకటి పెద్ద లైనుది, మధ్యది ఇద్దరిదీ. ఆ మధ్యదాన్ని ఇచ్చిపుచ్చుకునే లైను అంటారు. తోక ఇంజను వ్యాగన్లు తెచ్చి అక్కడ నిలబెట్టి తప్పుకుంటుంది. పెద్ద లైను ఇంజను వచ్చి తగిలించుకుంటుంది. ఇటు మాస్టారు, అటు గార్డు కాగితం మీద సంతకాలు పెడతారు. అక్కడి నుంచి వ్యాగన్ల మంచిచెడ్డలు పెద్ద లైనువి. ఈ తోక ఇంజను నడిపేది మాస్టారి బావమరిది, అంటే ఆయన భార్యకి సొంత తమ్ముడు. నోటి దురుసు మనిషి. "ఇది వియ్యాలవారి వ్యవహారం బావా. పిల్లనిచ్చినవాళ్ళం మనం. ముందొచ్చి నిలబడేదీ మనమే, మాట పడేదీ మనమే" అంటుంటాడు.

ఆ మధ్య లైను పెద్ద లైను వైపు కాస్త వాలుగా ఉంటుంది. వ్యాగన్లు దొర్లిపోకుండా ఆఖరి వ్యాగనుకి చేతి బ్రేకు బిగిస్తే చాలునని పెద్ద లైను రూలు. దాన్ని వదిలేది వాళ్ళ గార్డే. కానీ మాస్టారు ఉద్యోగంలో చేరకముందు ఒకసారి ఆ ఒక్క బ్రేకూ జారి నాలుగు వ్యాగన్లు వాటంతటవే ప్రయాణం కట్టాయట. అప్పటి నుంచి తోక వాళ్ళు మొదటి వ్యాగనుకి కూడా ఒక బ్రేకు బిగిస్తారు. ఇది ఏ పుస్తకంలోనూ లేదు. పుస్తకంలో లేనిది మర్చిపోతారు కాబట్టి, బిగించిన బ్రేకు చక్రానికి ఒక ఎర్ర గుడ్డ కడతారు. అప్పగించే ముందు మాస్టారు వెళ్ళి చక్రం తిప్పి బ్రేకు వదిలి, గుడ్డ విప్పి జేబులో పెట్టుకుని, అప్పుడు సంతకం చేస్తాడు. ఏ రోజైనా గుడ్డ ఇంకా వేలాడుతుంటే గార్డు "మాస్టారూ, గుడ్డ!" అని కేకేస్తాడు. ఇరవై రెండేళ్ళలో ఆ కేక మూడుసార్లు వినపడింది. మూడు తేదీలూ ఆయనకి గుర్తే.

ఆ రోజు బావమరిది పది గంటలకి ఇరవై ఎనిమిది వ్యాగన్లు తెచ్చి నిలబెట్టాడు. నిమిషం ఆలస్యం లేదు. మాస్టారు రెండు బ్రేకులూ బిగించి, మొదటిదానికి గుడ్డ కట్టి తిరిగి వస్తుంటే స్టేషను ముందు జీపు ఆగింది. అందులోంచి నలభై దాటని ఒకావిడ, చేతిలో దళసరి ఫైలుతో దిగింది. మాస్టారు వెనక్కి తిరిగి చూశాడు. కొత్త సున్నం, ఊడ్చిన ప్లాట్‌ఫారం, వరసగా నిలబడ్డ వ్యాగన్లు. ఆ వరస మొదట్లో నూనె మరకలతో, పీలికలైన గుడ్డ ఒకటి వేలాడుతోంది. ఆయన మనసు చివుక్కుమంది. ఇదేమిటని అడిగితే ఏం చెప్పాలి? మీ రూలు మీద మాకు నమ్మకం లేదనా? గబగబా పరుగెత్తి గుడ్డ విప్పి జేబులో కుక్కుకుని, కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, రొప్పుతూ వచ్చి నమస్కారం పెట్టాడు.

ఆ తర్వాత అంతా సవ్యంగానే నడిచింది. పెద్ద లైను ఇంజను వచ్చి తగులుకుంది. గార్డు ముందు నుంచి వెనక దాకా నడిచి చూసుకున్నాడు. గుడ్డ కనపడలేదు కాబట్టి కేక వేయలేదు. ఆవిడ ఏదో అడుగుతుంటే మాస్టారు జవాబు చెబుతూ, సంతకానికి కలం తీస్తూ జేబు తడుముకున్నాడు. గుడ్డ ఉంది. ఇరవై రెండేళ్ళుగా గుడ్డ జేబులో ఉందంటే బ్రేకు వదిలినట్టే లెక్క. అలవాటు చొప్పున మళ్ళీ తడుముకున్నాడు. ఉంది. సంతకం పెట్టాడు.

పది నలభైకి బండి కదిలింది. మలుపులో ఒక చక్రం కీచుమంది. ఆ మలుపులో ఏదో ఒక చక్రం కీచుమనడం రోజూ ఉండేదే. ఇన్‌స్పెక్టరమ్మ గడియారం చూసి "సరిగ్గా టైముకే" అని రాసుకుంటూ ఆయన గదిలోకి వెళ్ళి కూర్చుంది. మాస్టారికి ఏనుగెక్కినంత సంతోషమైంది. టీ పంపించమని చెప్పి, చేతులు కడుక్కుందామని పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్ళాడు.

బ్రేకు చక్రం పట్టుకుంటే తుప్పు, నూనె, మసి కలిసి అరచేతులకి అంటుకుంటాయి. బిగించాక ఒకసారి కడుక్కుంటాడు, ఎందుకంటే ఆ చేతులతో కాగితాలు ముట్టుకోలేడు. వదిలాక ఇంకోసారి కడుక్కుంటాడు. ఆ రెండోసారి కడిగే నీళ్ళు నల్లగా పోతాయి. ఆ రోజు సబ్బు నురగ తెల్లగా ఉంది. ఆయన దాన్నే చూస్తూ నిలబడ్డాడు. చేతులు తిప్పి చూశాడు. వేళ్ళ సందుల్లో చూశాడు. గోళ్ళు చూశాడు. ఎక్కడా మసి లేదు.

గుడ్డ విప్పాడు. బ్రేకు వదల్లేదు.

అయినా రెండుసార్ల మాస్టారు రెండుసార్ల మాస్టారే. తడి చేతులతోనే పట్టాల దగ్గరికి పరుగెత్తాడు. మొదటి వ్యాగను నిలబడ్డ చోట పట్టా మీద తళతళలాడే గీత మొదలైంది. తిరగని చక్రాన్ని ఇంజను ఈడ్చుకుపోయిన గీత. మలుపు దాకా పోయి, మలుపు తిరిగి కూడా పోయింది. ఇందులో సందేహానికి చోటు లేదు. రూఢి చేసుకోవడానికి మూడు నిమిషాలు ఖర్చయ్యాయి. గడియారం పది యాభై ఒకటి చూపిస్తోంది.

పదకొండూ పదికి ఆ బండి ఏటి వంతెన ఎక్కుతుంది. ఇంచుమించు అదే వేళకి పక్క పట్టాల మీద ప్యాసింజరు ఎదురొస్తుంది. బిగిసిన చక్రం అంత దూరం ఈడ్చుకుపోతే అరిగి చదునవుతుంది, కాలి ఎర్రబడుతుంది, పగిలినా పగలొచ్చు, పట్టా తప్పినా తప్పొచ్చు. తప్పకపోనూ వచ్చు. ఈ 'పోనూ వచ్చు' అనే మాట ఆయన గుండెని పట్టుకుని వేలాడింది.

సిగ్నలు దీపాలుంచే దీపాల గదిలో బావమరిది బనీనుతో కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు. మాస్టారి మొహం చూసి లేచాడు.

"ఏమైంది బావా?"

"మొదటి బ్రేకు వదల్లేదురా."

"అదేంటి, గుడ్డ..."

"ముందే విప్పేశాను. ఆవిడ చూస్తే బాగుండదని."

బావమరిది తలుపు దగ్గరికి వేసి గొంతు తగ్గించాడు. "ఎవరికైనా చెప్పావా?"

"ఇంకా లేదు. పెద్ద లైను కంట్రోలు గదికి ఫోను చెయ్యాలి."

"ఫోను ఎక్కడుందో తెలుసా? ఆవిడ మోచేతి దగ్గరుంది. ఆవిడ ముందు కూర్చుని మా తప్పు వల్ల మీ బండి పడిపోబోతోందని చెప్తావా? బావా, నీకు దణ్ణం పెడతాను. గంటలో ఆవిడ వెళ్ళిపోతుంది."

"పావుగంటలో వంతెన వస్తుందిరా."

"అన్నిసార్లూ పడిపోతాయా ఏంటి? పోయినేడు మన గని నుంచి ఒక వ్యాగను అలాగే ఆరు కిలోమీటర్లు పోయింది. ఏమైంది? చక్రం పాడైంది, అంతే."

"మన బండి ఇరవై మీద పోతుంది. వాళ్ళది డెబ్భై."

బావమరిది చెడ్డవాడు కాదు. రెండో బిడ్డ పుట్టి నెల కాలేదు, భయపడ్డాడు, అంతే. "అయితే ఇలా చేద్దాం. మూడో గేటు కాపలావాడు మనవాడే కదా. పొగ కనిపించిందని వాడి చేత ఫోను చేయిద్దాం. బండి ఆగుతుంది. ఎవరి తప్పో తేలేసరికి ఆవిడ నివేదిక రాసేసి ఉంటుంది. పామూ చావదు, కర్రా విరగదు."

మాస్టారికి ఒక్కసారి ప్రాణం లేచొచ్చింది. ఇంత తేలికా అనుకున్నాడు. కానీ చూపు గోడ గడియారం మీద పడింది. పది యాభై అయిదు. మూడో గేటు ఎనిమిది నిమిషాల దూరం. బండి దాన్ని దాటి ఏడు నిమిషాలైంది. ఆ తర్వాత వంతెన దాకా గేటు లేదు, మనిషి లేడు, ఉన్నది ఒట్టి గడ్డి.

"దాటిపోయిందిరా" అన్నాడు.

"బావా, ముప్ఫై ఎనిమిది కుటుంబాలు" అన్నాడు బావమరిది, కళ్ళలో నీళ్ళతో. "అక్కయ్యకి ఏం చెప్తావు? నా పిల్లలకి ఏం చెప్తావు?"

ప్యాసింజరులో ఎంతమంది ఉంటారో మాస్టారికి తెలియదు. ఈ ముప్ఫై ఎనిమిది ఇళ్ళలో ప్రతి మొహమూ తెలుసు, ఎవరింట్లో ఎవరికి ఏ జబ్బో కూడా తెలుసు. తెలిసిన మొహాలు అడ్డంగా నిలబడి దారివ్వడం లేదు. వాళ్ళని పక్కకి నెట్టుకుంటూ వెళ్ళినట్టుగా ఆయన తలుపు తోసుకుని బయటికి నడిచాడు.

గదిలో ఇన్‌స్పెక్టరమ్మ తల వంచుకుని రాస్తోంది. టీ గ్లాసు సగం ఖాళీ అయింది. "కూర్చోండి మాస్టారూ, అయిపోవచ్చింది" అంది తలెత్తకుండా. మాస్టారు కూర్చోలేదు. బల్ల మీదికి వంగి ఆవిడ మోచేతి పక్కనుంచి ఫోను అందుకున్నాడు. చెయ్యి టీ గ్లాసుకి తగిలింది. టీ ఒలికి నివేదిక అంచు తడిసింది. ఆవిడ కాగితం లాక్కుంటూ ఆశ్చర్యంగా చూసింది.

"కంట్రోలా? నేను జంక్షన్ నుంచి, చిన్న లైను స్టేషను మాస్టర్ని. పది నలభైకి పోయిన గూడ్సు ఆపండి. వంతెన ఎక్కకముందే ఆపండి. ఇంజను వెనక మొదటి వ్యాగను, చేతి బ్రేకు బిగిసి ఉంది. ప్యాసింజర్ని కూడా అవతలే నిలబెట్టండి."

అవతలి గొంతు నమ్మలేదు. "చూసిందెవరు?"

"ఎవరూ చూడలేదు. నేనే వదలడం మర్చిపోయాను."

"మళ్ళీ చెప్పండి."

మళ్ళీ చెప్పాడు. ఆ మాట రెండోసారి చెప్పడం మొదటిసారి కన్నా కష్టమైంది. ఫోను పెట్టేసేసరికి ఆవిడ కలం కాగితం మీద ఆగిపోయి ఉంది.

తర్వాతి పదహారు నిమిషాలు ఆ గదిలో ఇద్దరూ ఫోను వైపు చూస్తూ ఉండిపోయారు. మాస్టారు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఫోను మోగితే భయం, మోగకపోతే అంతకన్నా భయం. పదకొండూ పది అయింది. పదకొండూ పన్నెండు. నా ఫోను ఆలస్యమైందా? పట్టా దగ్గరికి పరుగెత్తకుండా నేరుగా వచ్చి ఉంటే ఆ మూడు నిమిషాలు మిగిలేవి కదా, ఆ దీపాల గదిలో నాలుగు మిగిలేవి కదా అని తనని తాను తిట్టుకున్నాడు. కిటికీ అవతల బావమరిది అటూ ఇటూ తిరుగుతూ కనిపిస్తున్నాడు.

ఫోను మోగింది. మాస్టారు తీయలేకపోయాడు. ఆవిడే తీసి వింది. "ఊఁ" అంది. "ఎంత దూరంలో?" అంది. "సరే" అని పెట్టేసింది.

"వంతెనకి కిలోమీటరున్నర ఇవతల ఆగిందట. చక్రం కాలిపోయి ఉందిట. నిప్పురవ్వలకి పక్కన గడ్డి అంటుకుంటే ఇసక పోసి ఆర్పారు. ప్యాసింజరు అవతలి స్టేషన్లోనే నిలబడింది."

మాస్టారు అలాగే గోడ పట్టుకుని కిందికి జారి కూర్చుండిపోయాడు. అధికారి ముందు నేల మీద కూర్చోకూడదన్న జ్ఞానం ఆయనకి అప్పుడు లేదు. మనుషులు బతికారన్న ఊరట ఒక నిమిషం ఉంది. ఆ నిమిషం కాగానే లైను పోయిందన్న దిగులు వచ్చి దాని చోట్లో కూర్చుంది.

"ఇరవై రెండేళ్ళలో ఎప్పుడైనా ఇలా జరిగిందా?" అని అడిగింది ఆవిడ.

"లేదు మేడం. బిగించిన బ్రేకుకి గుడ్డ కడతాం." జేబులోంచి తీసి చూపించాడు. "దీన్ని చూసి వదులుతాం."

"మరి ఇవాళ కట్టలేదా?"

"కట్టాను. మీరొస్తున్నారని విప్పేశాను."

ఆవిడ చాలాసేపు ఆ గుడ్డ వైపు చూసింది. మంచి మాట ఏదైనా అంటుందేమోనని కిటికీ దగ్గర బావమరిది చెవి రిక్కించాడు. ఆవిడ మాత్రం తడిసిన కాగితం పక్కన పెట్టి, ఫైల్లోంచి కొత్త కాగితం తీసి, మొదటి నుంచి రాయడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత పదిహేడు రోజులు ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా నిద్రపోలేదు. మాస్టారు తాళం నాలుగుసార్లు లాగి చూడడం మొదలుపెట్టాడు. భార్య విసుక్కోవడం మానేసింది, అది ఆయన్ని మరీ భయపెట్టింది. "మీరు చేసింది తప్పు కాదండీ" అంది ఆవిడ ఒక పూట, అన్నం వడ్డిస్తూ. "తప్పు చేశాకే కదా చెప్పాను" అన్నాడు ఆయన. బావమరిది ఇంటికి రావడం తగ్గించాడు. రోజూ పొద్దున్నే మాస్టారు కలిపే పట్టాల దాకా నడిచి, అవి అక్కడే ఉన్నాయో లేదో చూసి వచ్చేవాడు. దూరంగా లారీ చప్పుడైతే క్రేనేమోనని ఉలిక్కిపడేవాడు. మిల్లు వాళ్ళు సరుకంతా లారీలకే ఇస్తారట, గని మూసేస్తారట అని పుకార్లు పుట్టాయి. ఎదురుపడ్డవాళ్ళు నమస్కారం పెట్టి, ఏదో అడగబోయి, అడగకుండా పోయేవారు.

పద్దెనిమిదో రోజు ఉత్తరం వచ్చింది. దాన్ని బావమరిదే పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. వెనకాలే పట్టాల పనివాళ్ళు, గోదాము మనుషులు, వాళ్ళ ఆడవాళ్ళు వచ్చి ఇంటి ముందు గుమిగూడారు. మాస్టారు కవరు చూశాడు కానీ చింపలేకపోయాడు. "నువ్వే చదువు" అని కుర్చీలో కూర్చున్నాడు. భార్య ఆయన వెనక నిలబడి కుర్చీ వీపు పట్టుకుంది.

బావమరిది మనసులో గబగబా చదువుకుని, ఒక్కసారి గావుకేక పెట్టాడు. "ఉంచుతున్నారు బావా! పట్టాలు ఉంచుతున్నారు! వినండి. 'తప్పు జరిగిన పదహారు నిమిషాల్లో చిన్న లైను తనంతట తానే తెలియజేసినందువల్ల ప్రమాదం తప్పింది. ఇటువంటి పొరుగు రైల్వేతో సంబంధం కొనసాగించదగినదని భావిస్తున్నాము.' కొనసాగించదగినదట!"

గుమ్మం అవతల కేరింతలు మొదలయ్యాయి. ఎవరో ఈల వేశారు. గోదాములో పనిచేసే తాత పక్కవాణ్ణి కావలించుకుని భోరుమన్నాడు. మాస్టారి భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మాస్టారు కళ్ళు మూసుకుని పొడుగ్గా ఊపిరి వదిలాడు. పద్దెనిమిది రోజుల తర్వాత ఆ ఊపిరి కడుపు దాకా వెళ్ళొచ్చింది. కళ్ళు తెరిచి చూస్తే బావమరిది ఇంకా ఉత్తరం వైపే చూస్తున్నాడు. మొహంలో నవ్వు లేదు.

"ఇంకేముంది?" అన్నాడు మాస్టారు.

"ఏం లేదు బావా. మామూలు మర్యాదలే."

"ఒరేయ్, చదవరా."

బావమరిది గుమ్మం వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి చదివాడు. "'అయితే సదరు స్టేషను మాస్టరు ఇకపై మా వ్యాగన్ల అప్పగింతలో పాల్గొనరాదు. ఈ ఉత్తరం అందిన మర్నాటి నుంచి వారి సంతకం చెల్లదు. వారి స్థానంలో వేరొకరిని నియమించవలెను.'" ఆ పైన చదవడానికి ఏమీ లేదు. "ఆ రోజు నా మాట విని ఉంటే..." అని మొదలుపెట్టి, ఆ మాట ఎటు పోతుందో తనకే తెలిసి ఆగిపోయాడు.

మాస్టారు ఈ పద్దెనిమిది రోజులూ లైను కోసం భయపడ్డాడు, బావమరిది పిల్లల కోసం భయపడ్డాడు, గోదాము తాత మందుల కోసం కూడా భయపడ్డాడు. తనకేమవుతుందోనన్న భయం ఒక్కసారి కూడా రాలేదు. అన్నీ రెండుసార్లు చూసుకునే మనిషికి తన సంగతి ఒక్కసారీ తోచలేదు. ఇప్పుడది ఒక్కసారిగా తోచింది. ఇరవై రెండేళ్ళుగా రోజూ పదిన్నరకి పెట్టిన సంతకం. రేపు పదిన్నరకి ఈ చేతులు ఎక్కడ పెట్టుకోవాలి?

బయట జనం ఆయన్ని పిలుస్తున్నారు. "మాస్టారూ, బయటికి రండి! ఒక్కసారి రండి మాస్టారూ!"

ఆయన లేచి బావమరిది చేతిలోంచి ఉత్తరం తీసుకుని, మడిచి భార్యకిచ్చాడు. "ఆ చివరి ముక్క ఇవాళ ఎవరికీ చెప్పొద్దు" అన్నాడు బావమరిదితో. "రేపు చెబుదువుగాని. ఇవాళ సంతోషంగా ఉండనీ."

బావమరిది వంగి ఆయన కాళ్ళు పట్టుకోబోయాడు. "ఛ, లే" అని మాస్టారు వాణ్ణి భుజం పట్టి లేపి, తోడు తీసుకుని గుమ్మంలోకి వచ్చాడు. జనం ఒక్కసారి మీద పడ్డారు. ఎవరో చేతులు పట్టుకుని ఊపారు, ఎవరో దాదాపు ఎత్తబోయారు. ఆయన నవ్వుతూనే ఉన్నాడు. పట్టాల పనివాళ్ళ మేస్త్రీ గుంపులోంచి అరిచాడు.

"మాస్టారూ! రేపు బండి ఎన్నింటికండీ?"

"ఎప్పట్లాగే, పదింటికి" అన్నాడు ఆయన. "ఆలస్యం చేయకండి."